వ్యాన్ షాక్ అబ్సార్బర్ల మార్పిడి

షాక్ అబ్సార్బర్ అనగా వాహనపు స్ప్రింగుల ఊగిసలాటను అదుపు చేసే పరికరం. దీనిని డ్యాంపర్ అని కూడా అంటారు. చక్రం గుంతలో పడినప్పుడు లేదా స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడు ఆ కుదుపును మొదట స్వీకరించేది స్ప్రింగు. ఆ తరువాత స్ప్రింగు పైకీ కిందకూ ఊగుతూ ఉండకుండా ఆపేది షాక్ అబ్సార్బర్. వాడకం వలన లోపలి నూనె కారిపోయినా, కవాటాలు అరిగినా, కడ్డీ వంగినా ఇది పనికిరాకుండా పోతుంది. అప్పుడు దీనిని మార్చడం తప్ప మరొక మార్గం లేదు.

వ్యాన్ వెనుక చక్రాల షాక్ అబ్సార్బర్లను సాధారణ పనిముట్లతో ఇంటి వద్దనే మార్చుకోవచ్చు. ముందు చక్రాలకు ఉండే స్ట్రట్‌లను మాత్రం వర్క్‌షాపులో మార్పించడం క్షేమకరం. ఈ వ్యాసంలో మారుతి ఓమ్ని, మారుతి సుజుకి ఈకో వంటి చిన్న వ్యాన్లను ఉదాహరణగా తీసుకుని ఈ పని జరిగే క్రమం, అందులోని ప్రమాదాలు వివరించబడినాయి. నట్ల కొలతలు, బిగింపు పరిమాణాలు మోడల్‌ను బట్టి మారుతాయి కనుక వాటికి ఆయా వాహనాల సర్వీసు మాన్యువల్ చూడాలి.

పేరు, వాడుక పదాలు

"షాక్ అబ్సార్బర్" అనే పేరు కొంత అపార్థానికి తావిస్తుంది. దెబ్బను గ్రహించేది స్ప్రింగు. ఆ స్ప్రింగులో నిలువ అయిన శక్తిని ఖర్చు చేసేది షాక్ అబ్సార్బర్. భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాలలో అవరుద్ధ డోలనాలు అని చెప్పబడే దృగ్విషయానికి ఇది నిత్యజీవితంలో కనిపించే మంచి ఉదాహరణ. తెలుగునాట మెకానిక్కులు దీనిని క్లుప్తంగా "షాకబ్జర్" అనీ, పట్టీ స్ప్రింగులను "కమాన్ కట్టలు" అనీ, స్పానర్‌ను "పానా" అనీ వ్యవహరిస్తారు.

చరిత్ర

తొలినాటి మోటారు వాహనాలకు గుర్రపు బండ్లకు ఉన్నట్లే పట్టీ స్ప్రింగులు మాత్రమే ఉండేవి. పట్టీల మధ్య రాపిడి వలన ఊగడం కొంత తగ్గేది. వేగం పెరిగిన కొద్దీ ఇది చాలలేదు. 20వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో ఫ్రాన్సుకు చెందిన ట్రూఫో రూపొందించిన రాపిడి డ్యాంపర్‌ను ఎడ్వర్డ్ హార్ట్‌ఫోర్డ్ అమెరికాలో వ్యాపార స్థాయికి తెచ్చాడు. అదే కాలంలో ఫ్రాన్సులోనే మోరిస్ ఊదాయ్ నూనెతో పనిచేసే డ్యాంపర్‌ను తయారు చేశాడు. తరువాతి దశాబ్దాలలో నేడు మనం చూసే దూరదర్శిని గొట్టం ఆకారపు హైడ్రాలిక్ డ్యాంపర్లు వ్యాప్తిలోకి వచ్చాయి. ఫ్రెంచి ఇంజనీరు క్రిస్టియన్ బూర్సియే ద కార్బన్ 1950లలో అధిక పీడన వాయువు నింపిన ఒంటి గొట్టపు డ్యాంపర్‌ను అభివృద్ధి చేశాడు.

ఎర్ల్ మెక్‌ఫర్సన్ రూపొందించిన స్ట్రట్ అమరికలో డ్యాంపర్, కాయిల్ స్ప్రింగు ఒకే భాగంగా కలిసి ఉంటాయి. 1950లో వచ్చిన ఫోర్డ్ కాన్సుల్ కారుతో ఇది ప్రసిద్ధి పొందింది. భారతదేశంలో షాక్ అబ్సార్బర్ల తయారీలో పేరొందిన గాబ్రియేల్ ఇండియా సంస్థ 1961లో ఏర్పడింది.

పనిచేసే విధానం

షాక్ అబ్సార్బర్ లోపల నూనెతో నిండిన గొట్టం, అందులో కదిలే పిస్టన్, ఆ పిస్టన్‌కు అమర్చిన మెరుగు పెట్టిన ఉక్కు కడ్డీ ఉంటాయి. పిస్టన్‌కు సన్నని రంధ్రాలు, వాటిపై కవాటాలు ఉంటాయి. చక్రం కదిలినప్పుడు పిస్టన్ నూనెను ఈ రంధ్రాల గుండా నెడుతుంది. ఈ క్రమంలో నూనె ఇచ్చే నిరోధం వలన గతిజ శక్తి ఉష్ణంగా మారి గొట్టం గోడల ద్వారా గాలిలో కలిసిపోతుంది. పిస్టన్ ఎంత వేగంగా కదిలితే నిరోధం అంత ఎక్కువ. అందువలననే నెమ్మదిగా తోస్తే కదిలే షాక్ అబ్సార్బర్, ఒక్కసారిగా తోస్తే మొండికేస్తుంది.

సాధారణంగా దగ్గరకు నొక్కుకునేటప్పటి నిరోధం కన్నా సాగేటప్పటి నిరోధం ఎక్కువగా ఉండేలా తయారు చేస్తారు. చక్రం ఎత్తును ఎక్కేటప్పుడు కుదుపు లోపలి వారికి తెలియకూడదు. ఆ తరువాత స్ప్రింగు తిరిగి సాగేటప్పుడు మాత్రం దానిని గట్టిగా పట్టి ఉంచాలి.

షాక్ అబ్సార్బర్ వాహనపు బరువును మోయదు. బరువును మోసేది స్ప్రింగు మాత్రమే. కావున వెనుక భాగం కుంగిపోయిన వ్యాన్‌కు కొత్త షాక్ అబ్సార్బర్లు వేసినా ఎత్తు పెరగదు. ఆ లోపం కమాన్ కట్టలది లేదా కాయిల్ స్ప్రింగులది.

రకాలు

* జంట గొట్టాల రకం: ఒక గొట్టంలో మరొక గొట్టం ఉంటుంది. బయటి గొట్టం నూనెకు నిలువ గదిగా పనిచేస్తుంది. ధర తక్కువ. గతుకుల దారిలో ఎక్కువసేపు నడిస్తే నూనెలో గాలి కలిసి నురుగు వస్తుంది, అప్పుడు నిరోధం తగ్గుతుంది.
* తక్కువ పీడన వాయువు గల జంట గొట్టాల రకం: నురుగును తగ్గించడానికి కొద్దిపాటి పీడనంతో నత్రజని నింపుతారు.
* ఒంటి గొట్టపు రకం: నూనెను, నత్రజనిని ఒక తేలియాడే పిస్టన్ వేరు చేస్తుంది. వాయువు పీడనం సుమారు 20 నుండి 30 బార్ వరకు ఉంటుంది. వేడిని త్వరగా వదులుతుంది, ఖరీదు ఎక్కువ.
* స్ట్రట్: డ్యాంపర్ చుట్టూ కాయిల్ స్ప్రింగు ఉండి, చక్రం నిలబడే దిశను కూడా ఇదే నిర్ణయిస్తుంది.

వ్యాన్లలో అమరిక

1984లో మారుతి వ్యాన్ పేరుతో వచ్చి, తరువాత ఓమ్నిగా పేరు మారిన వాహనం 2019 వరకు తయారైంది. పాఠశాల పిల్లల వ్యాన్‌గా, అంబులెన్సుగా, సరుకుల బండిగా ఇది ఊరూరా తిరిగింది, నేటికీ చాలా వాడుకలో ఉంది. దీని ముందు చక్రాలకు మెక్‌ఫర్సన్ స్ట్రట్‌లు, వెనుక ఇరుసుకు పట్టీ స్ప్రింగులు, వాటితో పాటు విడిగా షాక్ అబ్సార్బర్లు ఉంటాయి. 2010లో వచ్చిన ఈకోలో వెనుక ఇరుసుకు పట్టీలకు బదులు కాయిల్ స్ప్రింగులు వాడారు. ఈ రెండింటిలోనూ ఇంజను శక్తి వెనుక చక్రాలకే అందుతుంది. మార్పిడి పనిలో ఈ రెండు విషయాలూ ముఖ్యమైనవి. ఎందువలననో కింది విభాగాలలో చూడవచ్చు.

పాడైనట్లు గుర్తించడం

* నూనె కారడం: గొట్టం మీద తడి కిందవరకు జారి, దానికి దుమ్ము అంటుకుని ఉంటే లోపలి సీలు పోయినట్లే. కడ్డీ దగ్గర పలుచని నూనె పొర మాత్రమే ఉంటే అది లోపం కాదు.
* నొక్కి చూడడం: వాహనపు ఒక మూలను బలంగా కిందకు నొక్కి వదలాలి. ఒకసారి పైకి లేచి నిలిచిపోతే మంచిది. రెండు మూడు సార్లు ఊగితే లోపం ఉన్నట్లు. అయితే కమాన్ కట్టలున్న వెనుక భాగంలో పట్టీల రాపిడి కూడా ఊగడాన్ని ఆపుతుంది కనుక, ఈ పరీక్షలో నెగ్గినంత మాత్రాన షాక్ అబ్సార్బర్ బాగున్నదని అనుకోరాదు.
* వేడి చూడడం: గతుకుల దారిలో కొన్ని కిలోమీటర్లు నడిపి ఆపిన వెంటనే రెండు వైపుల గొట్టాలను జాగ్రత్తగా తాకి చూడాలి. పనిచేసేది వెచ్చబడుతుంది. ఒకటి వెచ్చగా, మరొకటి చల్లగా ఉంటే చల్లగా ఉన్నది పనిచేయడం లేదని అనుమానించవచ్చు. పొగగొట్టం దగ్గర చేయి పెట్టరాదు.
* టైరు అరుగుదల: ట్రెడ్ చుట్టూ అక్కడక్కడ గుంటలు పడినట్లు అరిగితే చక్రం రోడ్డు మీద ఎగురుతున్నదని అర్థం.
* శబ్దం: గుంతలలో "టక్ టక్" మనే చప్పుడు ఎక్కువగా రబ్బరు బుష్‌లు అరిగినందువలన వస్తుంది. కొన్ని రకాలలో బుష్ ఒక్కటే మార్చుకోవచ్చు.

కొందరు తయారీదారులు సుమారు 80,000 కి.మీ. తరువాత మార్చమని సలహా ఇస్తారు. అధిక బరువుతో, గతుకుల దారులలో తిరిగే వ్యాన్లకు ఇంకా ముందే అవసరం రావచ్చు.

పాడైతే కలిగే నష్టం

పాడైన షాక్ అబ్సార్బర్ వలన ప్రయాణం కుదుపుగా ఉండడం ఒక్కటే నష్టం కాదు. బ్రేకు గాని, స్టీరింగు గాని పనిచేయాలంటే టైరు రోడ్డును అంటిపెట్టుకుని ఉండాలి. చక్రం ఎగిరిన క్షణంలో టైరుకు పట్టు ఉండదు. గతుకుల రోడ్డుపై బ్రేకు వేసినప్పుడు బండి ఆగే దూరం పెరుగుతుంది, మలుపులో వెనుక భాగం పక్కకు జరుగుతుంది. ఎత్తు ఎక్కువ, వెడల్పు తక్కువ అయిన వ్యాన్ నిండా ప్రయాణికులతో ఉన్నప్పుడు మలుపులో ఒకవైపుకు ఒరగడం కూడా ఎక్కువవుతుంది.

భారతదేశంలో మోటారు వాహనాల చట్టం, 1988లోని 56వ సెక్షను ప్రకారం రవాణా వాహనాలకు ఫిట్‌నెస్ ధ్రువపత్రం తప్పనిసరి. బాడుగకు తిరిగే వ్యాన్లు, పాఠశాల వ్యాన్లు దీని పరిధిలోకి వస్తాయి.

కావలసిన వస్తువులు

ఒకే ఇరుసుకు ఉన్న రెండు షాక్ అబ్సార్బర్లను ఒకేసారి మార్చాలి. ఒకవైపు కొత్తది, మరొకవైపు పాతది ఉంటే రెండు చక్రాలకు నిరోధంలో తేడా వచ్చి బండి ఒకవైపుకు లాగుతుంది. కొనేటప్పుడు వాహనపు మోడల్, తయారైన సంవత్సరం చెప్పాలి. పాతదాని పక్కన పెట్టి పూర్తిగా సాగినప్పటి పొడవు, నొక్కినప్పటి పొడవు, చివరల ఆకారం సరిపోల్చుకోవాలి. పొడవు తక్కువైనది వేస్తే ఇరుసు కిందకు దిగినప్పుడల్లా షాక్ అబ్సార్బరే తాడులా ఆపవలసి వచ్చి త్వరగా విరుగుతుంది.

* జాకీ ఒకటి. ఇరుసును ఎత్తడానికి మరొకటి ఉంటే మేలు.
* వాహనపు బరువుకు తగిన ఉక్కు స్టాండ్లు రెండు
* చక్రాలకు అడ్డు పెట్టడానికి నాలుగు చెక్క దిమ్మెలు
* చక్రపు పానా, రింగు పానాలు, సాకెట్ సెట్
* తీగల బ్రష్, తుప్పు వదిలించే నూనె, సుత్తి
* టార్క్ పానా
* కొత్త నట్లు, వాషర్లు, రబ్బరు బుష్‌లు
* కళ్ళద్దాలు, చేతి తొడుగులు

పనికి ముందురోజు నట్ల మీద తీగల బ్రష్‌తో మట్టి రాల్చి, తుప్పు వదిలించే నూనె వేసి ఉంచితే మరునాడు సగం శ్రమ తగ్గుతుంది.

వాహనాన్ని పైకి లేపడం

ఈ పనిలో ప్రాణాపాయం ఉన్నది ఇక్కడే. జాకీ ఎత్తడానికే గాని మోయడానికి కాదు. జాకీ మీద మాత్రమే నిలిచి ఉన్న వాహనం కిందకు చేయి గాని, తల గాని పెట్టరాదు. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు హఠాత్తుగా పగిలిపోతాయి కనుక వాటిని స్టాండ్లకు బదులుగా వాడరాదు.

ఓమ్ని, ఈకో వంటి వ్యాన్లలో చాలామంది గమనించని విషయం ఒకటి ఉంది. చేతి బ్రేకు పనిచేసేది వెనుక చక్రాల మీద. గేరులో ఉంచినా ఇంజను పట్టు ఉండేది కూడా వెనుక చక్రాల మీదనే. కావున రెండు వెనుక చక్రాలూ గాలిలోకి లేచిన మరుక్షణం చేతి బ్రేకు, గేరు రెండూ నిరుపయోగమవుతాయి. అప్పుడు బండిని ఆపి ఉంచేవి ముందు చక్రాలకు పెట్టిన చెక్క దిమ్మెలు మాత్రమే. టాటా వింగర్ వలె ముందు చక్రాలకు శక్తి అందే వ్యాన్లలో గేరు పట్టు మిగిలి ఉంటుంది గాని, వాటిలో కూడా దిమ్మెలు తప్పనిసరి.

1. గట్టి, సమతలమైన నేల మీద బండిని నిలపాలి. మట్టి నేల, వాలు నేల పనికిరావు.
2. బండిలోని సరుకు, మనుషులను దింపాలి.
3. ముందు చక్రాలు రెండింటికీ ముందు, వెనుక దిమ్మెలు బిగుతుగా పెట్టాలి. గేరు వేసి, చేతి బ్రేకు లాగాలి.
4. చక్రాలు నేల మీద ఉండగానే వెనుక చక్రాల నట్లను కొద్దిగా వదులు చేయాలి.
5. మాన్యువల్‌లో చూపిన చోటనే జాకీ పెట్టి ఎత్తాలి. ఒక్కొక్క వైపు ఎత్తి, చాసిస్ కింద నిర్ణీత స్థానాలలో స్టాండ్లు పెట్టాలి.
6. బండిని స్టాండ్ల మీదకు దించి, చేతితో గట్టిగా ఊపి చూడాలి. కదలకపోతేనే చక్రాలు విప్పాలి.
7. విప్పిన చక్రాలను చాసిస్ కిందకు పడుకోబెట్టి నెట్టాలి. స్టాండు జారినా మనిషికి, బండికి మధ్య అది అడ్డుగా నిలుస్తుంది.

ఒంటరిగా ఉన్నప్పుడు ఈ పని చేయరాదు. పిలిస్తే పలికే దూరంలో మరొకరు ఉండాలి.

పాత వాటిని విప్పడం

ముందుగా ఇరుసు కింద రెండవ జాకీ పెట్టి, బరువు కొద్దిగా ఆనే వరకు ఎత్తాలి. కాయిల్ స్ప్రింగులున్న వ్యాన్లలో ఇరుసు కిందకు జారకుండా ఆపేది చాలావరకు షాక్ అబ్సార్బరే. ఇరుసుకు ఆధారం లేకుండా దానిని విప్పితే ఇరుసు ఒక్కసారిగా దిగి, స్ప్రింగు తన స్థానం నుండి జారిపోవచ్చు, బ్రేకు నూనె గొట్టం తెగవచ్చు. కమాన్ కట్టలున్న వాటిలో కట్టలే ఇరుసును పట్టి ఉంచుతాయి కనుక ఈ ప్రమాదం తక్కువ. అయినా జాకీ ఆధారం ఉంటే బోల్టు మీద ఒత్తిడి తగ్గి సులభంగా వస్తుంది.

పై నట్టు, కింది నట్టు విప్పే ముందు వాషర్లు, బుష్‌లు ఏ వరుసలో ఉన్నాయో రాసుకోవాలి లేదా ఫోటో తీసుకోవాలి. రెండవ వైపును ముట్టుకోకుండా ఉంచితే అది నమూనాగా ఉపయోగపడుతుంది.

నట్టు మొరాయిస్తే మళ్ళీ నూనె వేసి కొంతసేపు ఆగాలి. పానాను పైకి ఎత్తి నెట్టడం కన్నా తన వైపుకు లాగడం మంచిది. అకస్మాత్తుగా వదిలినా చేతి కణుపులు దెబ్బతినవు. మంటతో వేడి చేయడం ఇంటి వద్ద ఎట్టి పరిస్థితులలోను చేయరాదు. దగ్గరలోనే పెట్రోలు ట్యాంకు, కొన్ని వ్యాన్లలో ఎల్.పి.జి. లేదా సి.ఎన్.జి. సిలిండరు ఉంటాయి. పైగా వాయువు నింపిన షాక్ అబ్సార్బర్ వేడికి పేలిపోగలదు.

కొత్త వాటిని బిగించడం

1. కొత్త షాక్ అబ్సార్బర్ జంట గొట్టాల రకమైతే, బిగించవలసిన దిశలోనే నిలువుగా పట్టుకుని నాలుగైదు సార్లు పూర్తిగా సాగదీసి నొక్కాలి. పడుకోబెట్టి నిలువ చేసినందువలన పని గదిలో చేరిన గాలి దీనితో బయటకు పోతుంది.
2. వాయువు నింపినదైతే కట్టి ఉన్న పట్టీ తెంపగానే కడ్డీ తానే సాగుతుంది. ముఖానికి ఎదురుగా పట్టుకుని పట్టీ తెంపరాదు.
3. పై చివరను ముందు తగిలించి నట్టును చేతితో తిప్పాలి. తరువాత ఇరుసును జాకీతో కొద్దిగా ఎత్తుతూ, దించుతూ కింది చివరను దాని స్థానంలోకి తేవాలి.
4. కడ్డీ తిరుగుతుంటే దాని చివరనున్న చదునైన భాగాన్ని పానాతో పట్టాలి. మెరిసే కడ్డీని శ్రావణంతో పట్టుకోరాదు. దానిపై పడిన చిన్న గీత కూడా సీలును కోసి, కొద్ది నెలలలోనే నూనె కారేలా చేస్తుంది.
5. రబ్బరు బుష్‌లకు గ్రీజు గాని, ఇంజను నూనె గాని పూయరాదు. రబ్బరు ఉబ్బి చెడిపోతుంది.
6. చివరి బిగింపు ఇప్పుడు చేయరాదు. ఇరుసు వేలాడుతుండగా కంటి రకపు చివరలను బిగిస్తే, బండి నేలకు దిగిన తరువాత బుష్ లోపలి రబ్బరు ఎల్లప్పుడూ మెలితిరిగి ఉండి త్వరగా చిరుగుతుంది. చక్రాలు బిగించి బండిని నేలపైకి దించిన తరువాత, లేదా ఇరుసును మామూలు ఎత్తుకు జాకీతో లేపిన తరువాత, మాన్యువల్‌లోని టార్క్ ప్రకారం బిగించాలి.

చక్రపు నట్లను నేలపై బండి నిలిచిన తరువాత ఎదురెదురుగా ఒక్కొక్కటి చొప్పున బిగించాలి. బ్రేకు గొట్టాలు, తీగలు షాక్ అబ్సార్బర్‌కు రాసుకోవడం లేదని చూసుకోవాలి. బండి కదిలించే ముందు బ్రేకు పెడల్ నొక్కి పట్టు పరీక్షించాలి. మొదట తక్కువ వేగంతో నడిపి, సుమారు 100 కి.మీ. తిరిగిన తరువాత అన్ని నట్లను మళ్ళీ పరీక్షించాలి.

ముందు స్ట్రట్‌లు

స్ట్రట్‌లోని కాయిల్ స్ప్రింగు వందల కిలోల బలంతో నొక్కబడి ఉంటుంది. దానిని పట్టి ఉంచేది పైనున్న మధ్య నట్టు. స్ప్రింగును ప్రత్యేక పరికరంతో నొక్కకుండా ఆ నట్టు విప్పితే స్ప్రింగు తూటా వలె ఎగిరి వస్తుంది. నాసిరకం పరికరాలు జారినా ఫలితం అదే. అంతేకాక స్ట్రట్ మార్చిన తరువాత చక్రాల అలైన్‌మెంట్ తప్పనిసరిగా సరిచూడాలి. ఈ కారణాల వలన అనుభవం లేనివారు ముందు స్ట్రట్‌ల పని స్వయంగా చేపట్టరాదు.

అపోహలు

* "గట్టిగా ఉంటే మంచిది" అన్నది నిజం కాదు. అవసరాన్ని మించి గట్టిగా ఉన్న షాక్ అబ్సార్బర్ చక్రాన్ని గతుకులలో దిగనివ్వదు, కుదుపును నేరుగా చాసిస్‌కు చేరుస్తుంది.
* కారిన నూనెను తిరిగి నింపితే సరిపోతుంది అనుకోవడం పొరపాటు. సీలు, కవాటాలు అరిగినవి అలాగే ఉంటాయి. నేడు వ్యాన్లలో వాడే వాటిలో ఎక్కువ భాగం విప్పడానికి వీలులేకుండా మూసివేయబడినవి.
* కొత్తవి వేసినంత మాత్రాన ఎక్కువ బరువు ఎక్కించవచ్చు అనుకోరాదు. బరువు పరిమితిని నిర్ణయించేవి స్ప్రింగులు, ఇరుసు, టైర్లు, బ్రేకులు.

పాత వాటిని పారవేయడం

పాత షాక్ అబ్సార్బర్లలో నూనె, కొన్నింటిలో పీడనంతో కూడిన వాయువు ఉంటాయి. వాటిని కోయడం, రంధ్రం చేయడం, మంటలో వేయడం ప్రమాదకరం. నూనెను నేలపై గాని, మురుగు కాలువలో గాని పోయరాదు. పాత వాటిని విడిభాగాల దుకాణానికి లేదా పాత ఇనుము కొనేవారికి ఇచ్చేటప్పుడు వాయువు రకమైతే ఆ సంగతి చెప్పి ఇవ్వాలి. తెలియక గ్యాసు కట్టరుతో కోసే కార్మికునికి అది ప్రాణాంతకం కాగలదు.

ఇవి కూడా చూడండి

* సస్పెన్షన్ వ్యవస్థ
* పట్టీ స్ప్రింగు
* అవరుద్ధ డోలనాలు
* మారుతి ఓమ్ని
* జాకీ (పనిముట్టు)